లేడీస్ బ్యాచ్‌లో నవ్వకూడదట! - మా నగరపాలక సంస్థకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి, ఈత కొలను బాధ్యత చూస్తున్న అధికారులకు, మాతోపాటు అవే నీళ్లలో దిగే తోటి నగరవాసులకు నమస్కారం.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన టీచర్‌ని. వయసు 61. మన మునిసిపల్ ఈత కొలనులో పొద్దున 10 నుంచి 11 దాకా నడిచే లేడీస్ బ్యాచ్‌లో రెండేళ్లుగా ఉన్నాను. మార్చి రెండో వారంలో బట్టలు మార్చుకునే గదుల పక్క గోడకి మీవాళ్లు ఒక నోటీసు అంటించారు. దాంట్లో ఉన్నవి నాలుగే వాక్యాలు. "లేడీస్ బ్యాచ్‌లో గుంపుగా వ్యాయామాలు, ఆటలు నిషేధం. నీళ్లు చల్లుకోరాదు. కేకలు వేయరాదు, పెద్దగా నవ్వరాదు. అతిక్రమించిన వారి సభ్యత్వం రద్దు చేయబడును."

మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. మొదటిది పూల్ ఇన్‌ఛార్జి గారి చేతికే ఇచ్చాం. పైకి పంపిస్తానన్నారు. రెండోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. తొమ్మిదో రోజున "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఉరుకుల మీద వెళ్లి చూస్తే నోటీసు గోడ మీదే ఉంది. పైగా ఊడిపోతున్న మూలకి కొత్తగా టేపు వేసి ఉంది. 29 మంది సంతకాలతో ఇచ్చిన మూడో అర్జీకి ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇలా నలుగురికీ తెలిసేలా రాయాల్సి వస్తోంది.

అసలు ఆ గంటలో మేం ఏం చేస్తామో ముందు చెప్పనివ్వండి. నోటీసు రాసిన వారు ఎప్పుడూ ఆ గంటలో వచ్చి చూసినట్టు లేదు.

మా బ్యాచ్‌లో నోటీసుకి ముందు 34 మందిమి. టిఫిన్ బండి నడిపే అక్క ఉంది, తొమ్మిదిన్నరకి ఆఖరి ఇడ్లీ వాయి దించి, అట్ల పెనం కడిగేసి వస్తుంది. ఇద్దరు నర్సులు నైట్ డ్యూటీ దిగి వస్తారు. పిల్లల్ని స్కూలు బస్సెక్కించి వచ్చే తల్లులు ఎక్కువ. నాలాంటి మోకాళ్ల నొప్పుల వాళ్లం పది పన్నెండు మందిమి. అందరికన్నా పెద్దావిడకి 72. మేమంతా ఆవిణ్ణి పిన్నిగారూ అంటాం. మాలో ఈత బాగా వచ్చినవాళ్లు ఆరుగురికి మించరు. మిగిలినవాళ్లం షాలో వైపు గుండె లోతు నీళ్లలో నిలబడి కోచ్ చెప్పే వ్యాయామాలు చేస్తాం.

మొదట్లో కోచ్ వాటికి ఇంగ్లీషు పేర్లు చెప్పేది. సగం మందికి బుర్రకెక్కలేదు. ఒకరోజు చేతులు నీళ్లలో గుండ్రంగా తిప్పమంటే పిన్నిగారు "ఇది తిరగలే కదే పిల్లా, దీనికింత ఉపన్యాసం దేనికి" అన్నారు. ఆ రోజు నుంచి దాని పేరు తిరగలి. రెండు చేతులూ కలిపి కిందికి బలంగా దించడం రోకటి పోటు. ముందుకి వంగి నీళ్లని ఒంటివైపు లాక్కోవడం చేద. వరుసగా నిలబడి, ఒకరి పక్కన ఒకరం వెనక్కి నడవడం నాట్లు. నాట్లేసేవాళ్లు వెనక్కే కదా నడిచేది! మా బ్యాచ్‌లో ఒకమ్మాయి చిన్నప్పుడు నిజంగా నాట్లేసింది, వరుస వంకర పోతే ఊరుకోదు. పొడుగ్గా, మెత్తగా ఉండే ఫోమ్ గొట్టం ఉంటుందే, నూడుల్ అంటారు, దాని పేరు మాకు పొట్లకాయ. "నా పొట్లకాయ ఎవరు తీశారే" అని రోజూ ఒక తగువు. ఆఖరి పది నిమిషాలు నీళ్లలో కబడ్డీ. ఊపిరి బిగబట్టి కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి వరుస దాకా వెళ్లి రావాలి. నీళ్లలో పరిగెత్తడం కుదరదు, పారిపోవడమూ కుదరదు. ఇద్దరూ తాపీగా ఒకరినొకరు తరుముకుంటూ ఉంటే చూసేవాళ్లకి నవ్వు ఆగదు. మీవాళ్లు రాసిన "పెద్దగా నవ్వడం" అంటే ఇదే.

ఇది కాలక్షేపం కాదు సార్. బడిలో నేను చెప్పింది సోషలే అయినా ఈపాటి సైన్సు నాకూ తెలుసు. నడుము లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగమే కాళ్ల మీద పడుతుంది. గుండె లోతుకి దిగితే మూడో వంతు, ఇంకా తక్కువ. 75 కిలోల మనిషి మోకాళ్లు ఆ గంటసేపు పాతిక కిలోల బరువే మోస్తాయన్నమాట. నేల మీద గుంజీ తీయలేని నేను నీళ్లలో ఇరవై తీస్తాను. ఇంకో సంగతి, నీళ్లు ఎదురు తిరిగే బలం మనం తోసే వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపు చేస్తే ఆ ఎదురు నాలుగింతలవుతుంది. అదే తిరగలి పాతికేళ్ల నర్సు గట్టిగా తిప్పితే ఆమెకి చాలినంత శ్రమ, పిన్నిగారు మెల్లగా తిప్పితే ఆవిడకి చాలినంత. ఒకే వరుసలో ఇద్దరూ చేయగల వ్యాయామం ఒడ్డు మీద ఇంకోటి చూపించండి.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని చేయాలనీ, 65 దాటినవాళ్లు వారంలో మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా బ్యాచ్ వారానికి ఐదు రోజులు. లెక్క మీరే వేసుకోండి.

ఈ నోటీసుకి కారణమైన ఫిర్యాదు ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు. ఆ ఫిర్యాదులో నిజం లేదని నేను అనను. మా గంటలోనే ముగ్గురు నలుగురు అమ్మాయిలు ల్యాప్స్ వేస్తారు, అంటే కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి ఆగకుండా ఈదుతారు, జిల్లా పోటీలకి తయారవుతున్నవాళ్లు. ఒకరోజు మా కబడ్డీ మరీ మితిమీరి, ఎవరి చేతిలోంచో కిక్‌బోర్డు (ఈత నేర్చుకునేవాళ్లు పట్టుకునే తేలే పలక) జారి, మలుపు తిరుగుతున్న ఒకమ్మాయి గాగుల్స్‌కి తగిలింది. ఆ అమ్మాయి ఏడ్చింది. తప్పు మాదే. అప్పుడే క్షమాపణ అడిగాం, మర్నాడు వాళ్లమ్మగారితో కూడా మాట్లాడాం. ఆవిడ అడిగిందల్లా "మా అమ్మాయికి ఒక లేన్ విడిగా ఇప్పించండి" అని. నవ్వు ఆపించండి అని కాదు. మధ్యలో ఒక లేన్ తాడు కడితే తీరిపోయే గొడవ. తాడుకి బదులు నోటీసు కట్టారు.

ఇంకొకటి అనకుండా ఉండలేకపోతున్నాను. ఒక ఆదివారం మనవణ్ణి చేర్పించే ఫారం కోసం పొద్దున్నే కొలనుకి వెళ్లాను. మగవాళ్ల బ్యాచ్ బంతాట ఆడుతున్నారు. ఈలలు, కేకలు, ఒడ్డు మీదికి ఎగిరిపడే నీళ్లు. చూడ్డానికి ముచ్చటేసింది. వాళ్లని ఆపమని అడగడానికి రాయడంలేదు, హాయిగా ఆడుకోనివ్వండి. కానీ నోటీసులో "లేడీస్ బ్యాచ్‌లో" అన్న రెండు మాటలు ప్రత్యేకంగా ఎందుకు పడ్డాయో మాత్రం చెప్పాలి. గట్టిగా నవ్వొద్దని చిన్నప్పుడు ఇంట్లో చెప్పారు, కాలేజీలో చెప్పారు, అత్తగారింట్లో చెప్పారు. అరవయ్యేళ్లు దాటాక, ఫీజు కట్టి మరీ, ఇప్పుడు మునిసిపాలిటీ చేత చెప్పించుకుంటున్నాం.

ఈ మూడు నెలల్లో ఏం జరిగిందో వరుసగా రాస్తున్నాను.

1. మనుషులు రావడం మానేశారు. 34 మందిమి కాస్తా 13కి వచ్చాం. ఎవరి మూల వాళ్లు నిలబడి, ఎవరి కాళ్లు వాళ్లు ఆడించుకుని పోవాలి. ఒంటరిగా నీళ్లలో నిలబడి చేతులు తిప్పడం ఎంత విసుగో ఒక్క పది నిమిషాలు చేసి చూడండి. మానేసినవాళ్లలో ఎక్కువమంది షుగరు, బీపీ ఉన్నవాళ్లే. వాకింగ్‌కి వెళ్లొచ్చు కదా అంటారు. మోకాళ్లు అరిగినవాళ్లం కాబట్టే నీళ్లలోకి వచ్చాం.

2. టిఫిన్ బండి అక్క సంగతి. పదిహేనేళ్లుగా పొయ్యి దగ్గర నిలబడి ఆమె నడుం పట్టేసింది. మా దగ్గరికి వచ్చిన ఐదో నెలకి పిండి గిన్నె తానే ఎత్తి బండి మీద పెట్టుకోగలిగింది. ఆ రోజు మా అందరికీ పెసరట్లు ఉచితం. నోటీసు వచ్చాక రెండు వారాలు వచ్చి మానేసింది. "అక్కడికొచ్చి కూడా నోరు మూసుకుని ఉండాలంటే, ఆ గంట ఇంట్లోనే పడుకుంటా మేడమ్" అంది. మొన్న బండి దగ్గరికి వెళ్లాను. పిండి గిన్నె మళ్లీ వాళ్లబ్బాయి ఎత్తుతున్నాడు.

3. అన్నిటికన్నా నాకు టెన్షన్ పెడుతున్నది ఇది. మా బ్యాచ్‌లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి పావుగంటకీ కోచ్ "లెక్క!" అని కేక వేస్తుంది. మేం వరుసలో ఉన్నవాళ్లం ఉన్నట్టు ఒకటి, రెండు, మూడు అని గట్టిగా అరుస్తాం. అంకె ఎక్కడైనా ఆగిందంటే అందరం అటు చూస్తాం. నీళ్లలో మునిగే మనిషి సినిమాల్లోలా చేతులు ఊపి రక్షించండి అని అరవదు. నోరు నీటి మట్టానికి పైనా కిందా అవుతూ ఉంటే ఊపిరి తీసుకోవడానికే సరిపోదు, ఇక అరిచేదెక్కడ? చప్పుడు లేకుండా, చూస్తుండగానే, నిమిషంలోపే మునిగిపోవచ్చు. అంతమందికీ ఉన్నది ఒక్క లైఫ్‌గార్డు. ఆ అమ్మాయికి రెండు కళ్లే కదా. పోయినేడాది ఒకామెకి షుగరు పడిపోయి కళ్లు తిరిగాయి, ఆమె నంబరు పద్నాలుగు. పదమూడు తర్వాత అంకె వినపడలేదు. పక్కనున్న ఇద్దరు చంకల్లో చేతులు వేసి పట్టుకుని, పొట్లకాయ కిందికి తోసి, గట్టు మీదికి చేర్చారు. లైఫ్‌గార్డు పరిగెత్తి వచ్చేసరికి ఆమె బిస్కెట్ నములుతోంది. ఇప్పుడు కేకలు నిషేధం కాబట్టి లెక్క కూడా నిషేధమే. కోచ్‌ని అడిగితే "నా ఉద్యోగం పోతుంది ఆంటీ" అంటోంది. ఆమెని అనుకుని లాభం లేదు.

4. ఈత నేర్చుకునేవాళ్లు ఆగిపోయారు. నీళ్లంటే భయం ఉన్న మనిషి మొదటిరోజే తల ముంచదు. ముందు నలుగురితో కలిసి నడుస్తుంది. ఆటలో ఎవరో నీళ్లు చల్లితే మొహం తుడుచుకుని, ఏమీ కాలేదని తెలుసుకుంటుంది. రెండు నెలలకి తనంతట తానే కిక్‌బోర్డు అడుగుతుంది. రెండేళ్లలో మాలో 11 మంది ఇలాగే ఈతలోకి దిగారు. మా చిన్నప్పుడు ఊరి బావిలో నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి అన్నయ్యలకి నేర్పేవారు. మమ్మల్ని గట్టు మీద బట్టలకి కాపలా ఉంచేవారు. వయసు మీరాక ఈతేమిటి అనేవారికి ఒక్క పేరు చెబుతాను, గోలి శ్యామల గారు. మన తెలుగావిడే. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో శ్రీలంక వైపు నుంచి మన ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని దాదాపు 30 కిలోమీటర్లు ఈదారు. మేం జలసంధులు అడగడంలేదు, షాలో వైపు సగం అడుగుతున్నాం.

దీని వెనక ఇంకో లెక్క ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో నీళ్లలో మునిగి 38 వేలమందికి పైగా చనిపోయారు. ఏటా వేసవి సెలవుల్లో కాలవల్లో, క్వారీ గుంతల్లో పోయిన పిల్లల వార్తలు మనకి కొత్తవి కావు. ఈత వచ్చిన తల్లి తన పిల్లలకి ఈత నేర్పించకుండా ఉండదు. మా బ్యాచ్‌లో నేర్చుకున్న 11 మందిలో ఏడుగురు ఈ వేసవిలో తమ పిల్లల్ని మీ సమ్మర్ క్యాంపులోనే చేర్చారు. ఆ ఫీజులు వచ్చింది కూడా మీకే.

5. పదిహేను మందికన్నా తగ్గితే బ్యాచ్ ఎత్తేస్తామని పోయినవారం ఆఫీసులో చెప్పారు. నోటీసు పెట్టి మనుషుల్ని తగ్గించి, తగ్గారు కాబట్టి బ్యాచ్ తీసేస్తామంటే ఏమనుకోవాలి?

మేం క్రమశిక్షణ లేని మనుషులం కాదని కూడా చెప్పాలి. కొలనులో దిగే ముందు ఒంటికి సబ్బు రుద్దుకుని స్నానం చేయాలన్న రూలు మా బ్యాచ్‌లో పాటించినంతగా ఇంకెక్కడా పాటించరు. గుప్పుమని కొట్టే వాసన చూసి క్లోరిన్ ఎక్కువైందని అందరూ తిడతారు కానీ, అది చాలావరకు క్లోరిన్ మన చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే వాసన. ఈ సంగతి చెప్పి మా పిన్నిగారు ఒక్కొక్కర్నీ షవర్ కిందికి తోసేవారు. తలకి కొబ్బరినూనె పెట్టుకుని వస్తే ఆవిడ వెనక్కి పంపించేస్తారు. నూలు బట్టలతో దిగితే పోగులు ఊడి ఫిల్టర్‌లో చిక్కుకుంటాయని, కాస్ట్యూమ్ వేసుకోవడానికి సిగ్గుపడే కొత్తవాళ్లకి మేమే ఫుల్ స్లీవ్స్ నైలాన్ సూట్లు తెప్పించి ఇచ్చాం. నోటీసు వచ్చాక ఇవన్నీ పట్టించుకునే నాథుడు లేడు. ఏప్రిల్ నెలాఖరులో నీళ్లు పచ్చగా మారి నాలుగు రోజులు కొలను మూశారు. దానికీ దీనికీ నేరుగా సంబంధం ఉందని అనను, ఆ నాలుగు రోజులూ ఎండలు మండిపోయాయి. కానీ పిన్నిగారు అప్పటికి కొలనుకి వస్తూ ఉండి ఉంటే నీటి రంగు మారిన మొదటిరోజే ఇన్‌ఛార్జి గారి గదిలో కూర్చునేవారు.

మేం కోరుతున్నవి ఇవి:

1. ఆ నోటీసు తీసేయండి. దాని బదులు అన్ని బ్యాచ్‌లకీ, ఆడా మగా తేడా లేకుండా వర్తించే నియమాలు రాయండి. గట్టు మీద పరిగెత్తరాదు, తోయరాదు, ఇంకొకరిని నీళ్లలో ముంచరాదు, డీప్ వైపు ఆటలు ఆడరాదు. వీటిని మేం సంతకం పెట్టి మరీ ఒప్పుకుంటాం.

2. 10 నుంచి 11 దాకా కొలను మధ్యలో లేన్ తాడు కట్టించండి. ఒక పక్క ల్యాప్స్ వేసేవాళ్లు, ఒక పక్క మేం. తాడుకి బడ్జెట్ లేదంటే చందాలు వేసుకుని మేమే కొనిస్తాం. బిల్లు కొలను పేరు మీదే రాయిస్తాం.

3. ప్రతి పావుగంటకీ "లెక్క" అన్ని బ్యాచ్‌లలో తప్పనిసరి చేయండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. పిల్లల బ్యాచ్‌లలో అయితే రేపటినుంచే పెట్టండి.

4. లేడీస్ బ్యాచ్‌కి రెండో లైఫ్‌గార్డుని ఇవ్వండి. గట్టు మీద ప్రథమ చికిత్స పెట్టె ఉంది, తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా బోర్డు మీద రాయండి.

5. పదిహేను మంది రూలుని ఆరు నెలలు ఆపండి. నోటీసు తీసేసిన నెలకి ఎంతమందిమి అయ్యామో వచ్చి లెక్కపెట్టుకోండి.

6. ఇకముందు ఇలాంటి నోటీసులు పెట్టేముందు బ్యాచ్‌లో ఇద్దరినైనా పిలిచి అడగండి. వచ్చి కూర్చుంటాం, టీ కూడా మేమే తెచ్చుకుంటాం.

ల్యాప్స్ వేసే అమ్మాయిల తల్లిదండ్రులకి ఒక మాట. మీ పిల్లలు పతకాలు తెస్తే కొలను గేటు దగ్గర మొదట చప్పట్లు కొట్టేది మేమే. మనకి మనకి తగువు లేదు. తాడు కోసం కలిసి అడుగుదాం రండి.

మానేసిన 21 మందికి కూడా ఇది చూపిస్తున్నాను. ఫీజు కట్టిన గడువు చాలామందికి ఇంకా ఉంది, అలిగి ఇంట్లో కూర్చోకండి.

జూలై 25ని ఐక్యరాజ్యసమితి నీటమునక ప్రమాదాల నివారణ దినంగా 2021లో ప్రకటించింది. ఆ రోజు కొలను దగ్గర బ్యానర్ కట్టి ఫొటోలు దిగుతారు కాబోలు. మంచిదే, మేమూ వస్తాం. ఆలోపు మా అర్జీకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఇవ్వకపోతే ఆ రోజు పొద్దున 10 గంటలకి 34 మందిమీ టికెట్ కొనుక్కుని నీళ్లలో దిగుతాం, వరుసగా నిలబడి గట్టిగా లెక్క చెబుతాం. సభ్యత్వం రద్దు చేస్తారో, చేయరో మీ ఇష్టం. పిన్నిగారు మాత్రం ఒకటో నంబరు తనదేనని ఇప్పుడే చెప్పి పెట్టమన్నారు.

ఇట్లు,
10 గంటల లేడీస్ బ్యాచ్ తరఫున,
నంబరు తొమ్మిది